వేడి చక్రాల మీద నీళ్ళు

టౌన్‌హిల్ దిగుతూ సిరిల్ బ్రేకు తొక్కాడు. చలిజ్వరం వచ్చినట్టు స్టీరింగు గడగడ వణికింది.

ముందు కలప దుంగల లారీ. వెనక సీట్లో బాప్టిస్టు సంఘం ముసలమ్మలు. ఏప్రిల్ నెలాఖరుకి ఈ దేశంలో తెల్లా నల్లా అందరూ మొదటిసారి ఒకే వరసలో నిలబడి వెయ్యబోయే ఓట్లు గనక, కాగితం ఎలా మడవాలో, గుర్తు ఎక్కడ పెట్టాలో హిల్టన్‌లో నేర్చుకుని వస్తున్నారు. వణుకు చూసి సిరిల్ హడలిపోయాడు, పెడలు మీంచి కాలు తీసేశాడు. పొరపాటు అక్కడే జరిగింది. బండి లారీ తోక మీదికి ఉరికింది. ఆఖరి క్షణంలో స్టీరింగు ఎడమకి తిప్పాడు. బండి గడ్డిలో దిగబడి, కంచె రాటని రాసుకుని ఆగింది.

"వచ్చేశామా?" అని వెనకనుంచి ఒక ముసలమ్మ అడిగింది.

అక్కణ్ణుంచి పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఊళ్ళోకి, ఊరి అవతల రైస్‌థార్ప్ దాకా, సిరిల్ ఎడ్లబండి తోలినట్టు తోలుకొచ్చాడు. వర్క్‌షాపు ముందు దిగేసరికి అతని చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"ఆల్ఫ్రెడ్, దీని సంగతి ఇవాళ తేలాలి."

ఆల్ఫ్రెడ్ తల ఊపాడు. సిరిల్ అతనికి బావ, పోయిన భార్య ఐరిస్‌కి అన్న, సంఘానికి పెద్ద, డీకను. జనవరిలో ఐరిస్ పోయినప్పటినుంచీ ఆల్ఫ్రెడ్ ఎవరేం చెప్పినా తలే ఊపుతున్నాడు. నవ్వడు, విసుక్కోడు, ఏడవనూ లేదు. పొద్దున లేస్తాడు, పని చేస్తాడు, పెట్టింది తింటాడు. అతని దగ్గర చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న జులూవాడు ముజీ ఒకరోజు టీలో చక్కెరకి బదులు ఉప్పు కలిపి చూశాడు. ఆల్ఫ్రెడ్ కప్పు ఖాళీ చేసి కింద పెట్టాడు.

"హావ్," అన్నాడు ముజీ. "మనిషి లోపల లేడు. తాళం వేసి ఎటో పోయాడు."

బండి సంఘానిది. తెల్ల స్టేషన్ వ్యాగన్. పెళ్ళికైనా చావుకైనా అదే. వర్క్‌షాపు వెనకే ఇల్లు, పక్కనే చర్చి కాబట్టి అది ఉండేది ఆల్ఫ్రెడ్ గేటు దగ్గరే.

ఆల్ఫ్రెడ్ దాన్ని ఒకసారి వీధిలో తిప్పి చూశాడు. బ్రేకు వేస్తే సీటు వణికితే వెనక చక్రాల జబ్బు, స్టీరింగు వణికితే ముందు చక్రాలది. ఇది ముందుదే. ముజీ చక్రాలు ఊడదీశాడు. ఆల్ఫ్రెడ్ బ్రేకు డిస్కుకి గేజి ఆనించి చేత్తో మెల్లగా తిప్పాడు. ముల్లు అటూ ఇటూ ఊగింది. డిస్కు మళ్ళీ వంకరపోయింది.

ఈ మళ్ళీ అనే మాటే అతనికి అంతు చిక్కడం లేదు. లేతు మీద పట్టించి సాపు చేశాడు, వంకరపోయింది. కొత్త డిస్కులు వేశాడు, అవీ వంకరపోయాయి. హబ్బు మీద తుప్పు గీకాడు. ప్యాడ్లు ఎక్కడైనా బిగుసుకుంటున్నాయేమో చూశాడు. చక్రం నట్లు ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ బిగిస్తే కూడా డిస్కు వంకరపోతుందని, అన్నీ సమంగా తనే బిగించాడు. ఏదో ఒక అంత్యక్రియల దాకా బాగుంటుంది. ఆ తర్వాత వణుకు. ఈ మధ్య అంత్యక్రియలకేం కొదవ లేదు.

"ఇదేంటి?" అన్నాడు సిరిల్.

ఊడదీసిన చక్రం దగ్గర వంగి ఉన్నాడు. రిమ్ము లోపలి వైపు, బ్రేకు మసి మీద, పసుప్పచ్చ మరకలు ధారలు కట్టి ఉన్నాయి. ఒక మూల ఎండిన ఆకుతునక అంటుకుని ఉంది. సిరిల్ దాన్ని గోటితో లేపి వాసన చూసి, ముజీ వైపు తిరిగాడు.

"ముతీ."

ముతీ అంటే జులూ వైద్యుడి మందు. జబ్బు తగ్గించేదీ ఉంటుంది, మనిషిని లేపేసేదీ ఉంటుంది. రెండోది పెట్టాడని ఒకడి పేరు బయటికొస్తే, ఆ రోజుల్లో వాడికి ఇక ఊళ్ళో చోటుండదు. లోయల్లో ఈ పార్టీవాళ్ళు ఆ పార్టీవాళ్ళ ఇళ్ళు తగలబెట్టుకుంటున్నారు. ఇటు ఇండియన్ల వీధుల్లో మొగాళ్ళు కర్రలూ తుపాకులూ పట్టుకుని కాపలా తిరుగుతున్నారు. రుజువు కావాలని ఇటూ అటూ ఎవరూ అడగడం లేదు.

"ఈ చక్రాలు ముట్టుకునేది ఎవడు?" అన్నాడు సిరిల్. "నువ్వూ వాడూ. నువ్వు పెట్టవు కదా?"

"అయికోణా, నేను కాదు," అన్నాడు ముజీ. చేతిలో స్పానరు జాగ్రత్తగా నేల మీద పెట్టాడు. పట్టుకుని నిలబడితే ఎలా కనిపిస్తుందో అతనికి తెలుసు. "నేను ముతీ పెట్టాలనుకుంటే నీ బండికెందుకు పెడతాను డీకన్‌గారూ? నీ ప్రసంగానికి పెట్టేవాణ్ణి. కొంచెం పొట్టిగా అవుతుంది."

సిరిల్ నవ్వలేదు. "ఆల్ఫ్రెడ్, కాపలా వాళ్ళకి చెప్పాల్సిందే. చచ్చేవాళ్ళం ఇవాళ."

ఆల్ఫ్రెడ్ డిస్కు వైపే చూస్తున్నాడు. తనకి కోపం రావాలి. భయం వెయ్యాలి. పక్కింట్లో రేడియో మోగుతున్నట్టు అవి ఎక్కడో ఉన్నాయి, మాటలు మాత్రం వినబడడం లేదు.

"రేపు ఎర్నెస్ట్ తాతని పాతిపెట్టాలి," అన్నాడు. "బండి నేనే తోల్తాను. రేపు సాయంత్రం దాకా ఆగు బావా. అప్పటికీ తేలకపోతే నీ ఇష్టం."

సిరిల్ సరేనన్నాడు. ఆ మాట నిలబెట్టుకోలేదన్న సంగతి ఆల్ఫ్రెడ్‌కి తర్వాత తెలిసింది.

*

మర్నాడు పొద్దున్నే రెండు డిస్కులూ లేతు మీద సాపు చేశాడు. గేజి పెడితే ముల్లు కదల్లేదు. నట్లు బిగించాడు. ముజీని పిలిచి, "ఇవాళ నా కళ్ళ ముందునుంచి కదలకు. టీకైనా, దొడ్డికైనా," అన్నాడు.

"పెళ్ళాం కూడా నన్నింత కట్టడి చెయ్యలేదు," అన్నాడు ముజీ. అతని భార్యా పిల్లలూ పోర్ట్ షెప్‌స్టోన్‌లో వాళ్ళ అక్క ఇంట్లో ఉన్నారు. ఈస్టరుకి ముందే పంపేశాడు. "నీకు నా మీద అనుమానమా ఆల్ఫీ?"

"లేదు. రేపు ఎవరన్నా అడిగితే, వాడు నా పక్కనే ఉన్నాడని చెప్పాలి."

శ్మశానం కొండ మీద. వెళ్ళేటప్పుడంతా ఎక్కుడు, వచ్చేటప్పుడంతా దిగుడు. దిగేదారిలో మలుపు మలుపుకీ, కింద కూడలిలో రోబోట్ లైట్లు ఎర్రబడ్డప్పుడూ బ్రేకు మీద కాలు పెట్టక తప్పదు. ఆల్ఫ్రెడ్ కావాలనే గట్టిగా తొక్కాడు. స్టీరింగు కాస్తయినా వణకలేదు. పక్కన ముజీ, వెనక సంఘం వాళ్ళు, వాళ్ళ పాటలు. కొండ మీద ఐరిస్ సమాధి పక్కనుంచే నడిచి వెళ్ళాడు. గడ్డి పెరిగిందని మాత్రం గమనించాడు.

అందరినీ దింపి బండి గేటు దగ్గర ఆపాడు. ముజీని తీసుకుని వెనక సందులోంచి వర్క్‌షాపులోకి వెళ్ళాడు. కిటికీలోంచి బండి కనిపిస్తోంది. ఇద్దరూ డ్రమ్ముల మీద కూర్చున్నారు. చక్రాల దగ్గర వేడికి గాలి అలలు తేలుతోంది.

"దేని కోసం చూస్తున్నాం?" అన్నాడు ముజీ.

"తెలీదు."

ఇంటి తలుపు తెరుచుకుంది. అత్త రూతమ్మ బయటికొచ్చింది. ఎనభై దాటిన మనిషి. కన్నకొడుకు సిరిల్ ఇంట్లో ప్రతిదానికీ వాక్యం చూపిస్తాడని, కూతురింట్లోనే ఉండిపోయింది. కూతురు పోయినా అల్లుణ్ణి వదల్లేదు. చీర చెంగు నడుముకి దోపుకుని, రెండు చేతులతో బకెట్టు మోసుకొస్తోంది. నీళ్ళు పసుప్పచ్చగా ఉన్నాయి. పైన ఆకులు తేలుతున్నాయి. దొడ్లో ఉన్న సిరింగా చెట్టు ఆకులు. వేపాకులా ఉంటాయని అక్కడి తెలుగువాళ్ళంతా దాన్నే వేప అంటారు.

ముసలామె వీధికి అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. సగం బకెట్టు ఎడమ చక్రం మీద దిమ్మరించింది.

బుస్సుమని ఆవిరి లేచింది.

"పోయినోళ్ళెంబడి పోయింది పోవాల," అంది. "ఉన్నోళ్ళు సల్లంగుండాల." అటు తిరిగి మిగిలిన సగం కుడి చక్రం మీద పోసింది. మళ్ళీ బుస్సుమంది.

ముజీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వుతో భుజాలు ఊగిపోతున్నాయి. "గోగో! ముతీ పెట్టింది మన గోగో, మన అవ్వ!"

ఆల్ఫ్రెడ్ నవ్వలేదు. శ్మశానం నుంచి వచ్చినవాళ్ళు కాళ్ళూ చేతులూ కడుక్కునే గడప దాటాలి. మనుషుల్ని మోసుకొచ్చిన బండి కూడా కడుక్కోవాలి. సముద్రం దాటి చెరకు తోటల్లోకి వచ్చిన ముత్తాతల నాటి పద్ధతి. సంఘం దాన్ని అన్యాచారమని ఎప్పుడో మాన్పించేసింది. రూతమ్మ మానలేదు, చాటుగా చేస్తోంది. నిప్పులా కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే అది మెలి తిరక్క ఏం చేస్తుంది? జనవరి నుంచీ ప్రతి అంత్యక్రియకీ ఇదే. అంటే మొదటి బకెట్టు ఐరిస్‌ని పాతిపెట్టి వచ్చిన రోజుది.

అతను గేజి తీసుకుని లేచాడు. చక్రం ఊడదీసి, డిస్కు చల్లారాక ఆనించి తిప్పాడు. ముల్లు ఊగింది.

*

చక్రం మళ్ళీ బిగించి నట్లు బిగువు చూస్తుండగా బక్కీ వచ్చి ఆగింది. వెనక తొట్టిలో నలుగురైదుగురు. ముందు సీట్లోంచి సామ్ దిగాడు, వీధి కాపలాకి పెద్ద. పక్కనుంచి సిరిల్ దిగాడు, నేల చూపులు చూస్తూ.

"నిన్న చర్చి గేటు దగ్గర నోరు జారాను ఆల్ఫ్రెడ్," అన్నాడు. "ఒక్క సామ్‌కే చెప్పాను."

"ఒక్క సామ్ చాలు," అన్నాడు సామ్. "ముజీని బయటికి పంపు. ఊరికే మాట్లాడతాం."

తొట్టిలో వాళ్ళు కర్రలు పట్టుకుని దిగుతున్నారు. ముజీ వర్క్‌షాపు గుమ్మంలో నిలబడ్డాడు. అతని ముఖంలో ఇందాకటి నవ్వు లేదు.

చెప్పాల్సింది ఒక్క వాక్యం. కానీ కిందటేడు దీపావళికి కిటికీలో దీపం పెట్టిందని ఒక ముసలామెని ప్రభువు బల్లకి, రొట్టె పంచే చోటికి, రానివ్వకుండా ఆపింది ఈ సిరిలే. ఇప్పుడు అతని తల్లి వంతు వస్తుంది.

"నీళ్ళు పోసింది నేను," అన్నాడు ఆల్ఫ్రెడ్. "పసుపు నీళ్ళు. శ్మశానం నుంచి వచ్చాక పాత పద్ధతి. వేడి డిస్కు వంకరపోయింది. ముతీ కాదు, ఏమీ కాదు."

సామ్ అతన్ని ఎగాదిగా చూశాడు. "నువ్వు? మెకానిక్కువి. ఎర్రగా కాలిన డిస్కు మీద చన్నీళ్ళు పోశావు. మూడు నెలలుగా దాన్నే బాగుచేసుకుంటున్నావు. నన్నెవడనుకున్నావు?"

"పోశాను."

"ఈడా పోసింది?" గేటు లోపలినుంచి గొంతు వచ్చింది. రూతమ్మ ఖాళీ బకెట్టు చంకన పెట్టుకుని నిలబడి ఉంది. "ఈడికి ఇంట్లో బకెట్టేడుందో కూడా తెల్దు. నాను పోసినాను."

"అమ్మా, లోపలికి వెళ్ళు," అన్నాడు సిరిల్ ఇంగ్లీషులో.

"ఏటిరా ఎల్లేది? మీ నాయన్ని పాతేసొచ్చినపుడు పోసినాను. నీ సెల్లెల్ని పాతేసొచ్చినపుడు పోసినాను. నీకు పసుపుకీ ముతీకీ తేడా తెల్దు. సిన్నప్పుడు నీ మోకాలికి రాసిందేటి? మనింటి పసుపు సూపించి పరాయోడి మెడకి తాడేత్తావా?"

తొట్టి దిగినవాళ్ళలో ఒకడు కర్ర వీపు వెనక్కి పెట్టుకున్నాడు. వాళ్ళమ్మా పోస్తుంది కాబోలు.

సిరిల్ చర్చి వైపు ఒకసారి చూశాడు.

"బల్లకాడికి రానీవా? రానీకు," అంది తల్లి. "మెతడిస్టోళ్ళు పక్క ఈదిలోనే ఉన్నారు. ఆల్ల రొట్టె మెత్తగుంటాది కూడా."

సామ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "సరే ఆంటీ. మా వైపు నుంచి అయిపోయింది." ఆల్ఫ్రెడ్‌ని పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు. "మా వైపు మాత్రమే. నిన్న గేటు దగ్గర గుడ్లు అమ్ముకునే ఆవిడ విన్నది. ఆవిడది ముజీ ఉండే లోయే. పొద్దున్నుంచీ వీడి పేరు టాక్సీలు ఆగే ర్యాంకులో తిరుగుతోంది. సాయంత్రం వీణ్ణి అటు పంపావంటే ఇంటికి చేరడు."

బక్కీ వెళ్ళిపోయింది. గుమ్మంలో ముజీ ఓవరాల్ విప్పి నీటుగా మడతపెట్టడం మొదలుపెట్టాడు. అన్నీ విన్నాడు.

"పోర్ట్ షెప్‌స్టోన్," అన్నాడు ఆల్ఫ్రెడ్. "బండి ఎక్కు."

"ఈ బండా? ఇప్పుడే కదా వంకరపోయింది."

"లేతు పట్టే టైము లేదు. ఆగుతుంది. వణుకుతూ ఆగుతుంది."

సిరిల్ అక్కడే నిలబడి ఉన్నాడు. అంత్యక్రియకి వేసుకున్న నల్లకోటు విప్పి ముజీకి తొడిగాడు, చేతులు పొట్టి అయినా. తన టోపీ కూడా పెట్టాడు. బైబిలు డాష్‌బోర్డు మీద పెట్టి ముందు సీట్లో కూర్చున్నాడు. ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

*

ఊరి బయటి దిగుడులో, మలుపు తిరగగానే, రోడ్డుకి అడ్డంగా టైర్లు. వాటి వెనక పదిపదిహేను మంది.

ఆల్ఫ్రెడ్ బ్రేకు తొక్కాడు. స్టీరింగు గడగడలాడింది. డాష్‌బోర్డు మీద బైబిలు జారి కింద పడింది. సిరిల్ చెయ్యి దానంతటదే హ్యాండ్‌బ్రేకు మీదికి పోయింది.

"ముట్టుకోకు బావా," అన్నాడు ఆల్ఫ్రెడ్. "కాలు తియ్యకూడదు. వణికితే వణకనీ. అంతే."

కాలు తియ్యలేదు. బండి ఒళ్ళంతా కొట్టుకుంటూ టైర్లకి బారెడు దూరంలో ఆగింది. చక్రాల దగ్గర కమురు వాసన.

ఒకడు వచ్చి కిటికీలోంచి తల పెట్టాడు. చేతిలో గొడ్డలి. నల్లకోటూ, నల్లటైలూ, కింద పడ్డ బైబిలూ చూశాడు. "ఎక్కడికి?"

"చావుకి," అన్నాడు సిరిల్. "డర్బన్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. వెనక ఉన్నది మా సమాధులు తవ్వేవాడు." పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడలేదని చెప్పుకునే డీకను, తడబడకుండా చెప్పాడు.

గొడ్డలివాడు వెనక సీటు వైపు చూశాడు. ముజీ టోపీ అంచు ముక్కు దాకా దించుకుని ఉన్నాడు, దుఃఖంలో ఉన్నవాడిలా. వాడి చూపు అక్కడ కాసేపు ఆగింది. తర్వాత ముందు చక్రం వైపు మళ్ళింది.

"బ్రేకులు చూపించుకో ముసలాయనా. చస్తావు. రైస్‌థార్ప్‌లో ఒక మంచి మెకానిక్ ఉన్నాడంటారు." మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు వంగాడు. "అక్కడ ముజీ అని ఒకడు పనిచేస్తాడు. వాణ్ణి మాత్రం చక్రం ముట్టనివ్వకు. వాణ్ణి ఎక్కడైనా చూశారా?"

"లేదు," అన్నాడు ఆల్ఫ్రెడ్. తన గొంతు తనకే దూరంగా వినిపించింది. ఆ రోజు దానివల్ల మేలే జరిగింది. అందులో వణుకు లేదు.

టైర్లు పక్కకి జరిగాయి.

పెద్ద రోడ్డెక్కారు. దిగుళ్ళలో ఆల్ఫ్రెడ్ గేరు తగ్గించి, బ్రేకుని తాకీతాకనట్టు తాకుతూ వచ్చాడు. కొన్ని మైళ్ళు పోయాక వెనకనుంచి ముజీ అన్నాడు: "మంచి మెకానిక్ అంట. విన్నావా ఆల్ఫీ? పేరొచ్చింది నీకు."

పోర్ట్ షెప్‌స్టోన్‌లో, నది సముద్రంలో కలిసేచోట, వంతెన దాటాక ముజీ దిగాడు. కోటు విప్పి సిరిల్‌కి ఇచ్చాడు. సిరిల్ దాన్ని వెంటనే అందుకోలేదు.

"ముజీ, నేను..." అన్నాడు.

"ఓటు అయ్యాక మాట్లాడుకుందాం డీకన్‌గారూ. బతికుంటే ఎక్కువ మాట్లాడుకుందాం." ఆల్ఫ్రెడ్ వైపు తిరిగాడు. "గోగోకి చెప్పు. చక్రాలు చల్లారేదాకా ఆగమను. తర్వాత ఎన్ని బకెట్లైనా. వైద్యం అంతే కదా?"

"అంతే."

"నేను వస్తాను," అన్నాడు ముజీ. ఎప్పుడో చెప్పలేదు. సంచీ భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా వీధిలో కలిసిపోయాడు.

*

సందెవేళకి ఇల్లు చేరారు. సిరిల్ గేటు దగ్గర దిగి తల్లి ముందు నిలబడ్డాడు. "ఆదివారం బల్లకి రా అమ్మా," అన్నాడు. ఆమె ఆలోచిస్తానంది. అతను నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

రూతమ్మ పక్కన బకెట్టు నిండుగా ఉంది. సంగతంతా ఆల్ఫ్రెడ్ రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమె వంగి ముందు చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి, చురుక్కుమని వెనక్కి తీసుకుంది. వంటింట్లోంచి పీట తెచ్చి బండి పక్కనే వేసుకుని కూర్చుంది.

"ఎంతసేపట్టుద్ది?"

"గంట పట్టొచ్చు."

"కూకుంటాను."

ఆల్ఫ్రెడ్ గట్టు మీద కూర్చున్నాడు. వర్క్‌షాపు తలుపు తీసే ఉంది. లోపల మడతపెట్టిన ఓవరాల్ కనిపిస్తోంది. ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది.

"ఆ రోజు," అంది రూతమ్మ, "ఐరిస్‌ని పెట్టేసొచ్చి, అందరూ గేటుకాడ కడుక్కున్నారు. నువ్వు కడుక్కోకండా ఎనక సందులోంచి పోయి స్పానరట్టుకున్నావు. నానొద్దనలేదు. ఆడికి పనుంటే మంచిదే అనుకున్నాను."

అతను వేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు.

"సక్రం సల్లారిందాకా ఆగాల. నువ్వాగక్కర్లేదు. సేతులట్టు."

ఆల్ఫ్రెడ్ గ్రీజు చేతులు చాపాడు. ఆమె బకెట్టు వంచింది. పసుపు నీళ్ళు మణికట్ల మీంచి, వేళ్ళ సందుల్లోంచి కారి, ఒక సిరింగా ఆకు అరచేతిలో ఆగింది. అతను దానివైపు చూశాడు.

"సల్లగుందా?" అంది.

అతను కాసేపు ఆలోచించాల్సి వచ్చింది.

"ఉంది అత్తా," అన్నాడు.

ఆమె మిగిలిన నీళ్ళు పక్కన పెట్టి, మళ్ళీ చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూసింది. ఇంకా వేడిగానే ఉంది.